గేమ్ తీసేసే ముందు ఆ నంబరు రాసిపెట్టుకోండి

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లె. మా పాపకు తొమ్మిదేళ్లు. సెలవుల్లో నా ఫోన్‌లో బొమ్మలకు రంగులు వేసే గేమ్ ఒకటి ఇన్‌స్టాల్ చేసుకుంది. నిన్న మా తమ్ముడు చూసి, ఆ గేమ్‌కి కాంటాక్ట్స్, ఫోటోలు, లొకేషన్, మైకు అన్నీ అలౌ చేసి ఉన్నాయని చెప్పాడు. నేనైతే దేనికీ ఒప్పుకోలేదు. నేను డ్వాక్రా గ్రూపు లీడర్‌ని. సభ్యుల నంబర్లు, పాసుబుక్కుల ఫోటోలు, ఆధార్ కార్డుల ఫోటోలు ఈ ఫోన్‌లోనే ఉన్నాయి. గేమ్ తీసేస్తే సరిపోతుందా? పోయిన సమాచారం వెనక్కి వస్తుందా? మొన్న ఇంట్లో కుక్కర్ కొనాలని మాట్లాడుకున్నాం, సాయంత్రానికి కుక్కర్ యాడ్ వచ్చింది. మా మాటలు వింటున్నారా? ఎవరికి ఫిర్యాదు చేయాలి? గేమ్ తీసేస్తానంటే పాప ఏడుస్తోంది.
— ఒక పాఠకురాలు

జవాబు: గేమ్‌ను ఈ నిమిషమే తీసేయకండి. తీసేయాల్సిందే, కానీ ఒక అరగంట పని తర్వాత. కంగారులో ఐకాన్ నొక్కి పట్టి అన్‌ఇన్‌స్టాల్ కొట్టేస్తే ఫోన్‌లోంచి గేమ్ పోతుంది గానీ, కంపెనీ సర్వర్‌లో మీ గురించి దాచుకున్నది అలాగే ఉంటుంది. పైగా అది మీదేనని చూపించడానికి మీ చేతిలో ఆధారం మిగలదు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు.

ముందు దాని చేతులు కట్టేద్దాం. ఐకాన్ నొక్కి పట్టి యాప్ ఇన్ఫోలోకి వెళ్లండి. పర్మిషన్స్ తెరిచి, అలౌడ్ కింద ఉన్నవన్నీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. తర్వాత ఒక్కొక్కటీ తెరిచి డోంట్ అలౌ పెట్టండి. ఆ పేజీలోనే బాగా కిందికి వెళ్తే ఈ యాప్ ఎక్కడినుంచి ఇన్‌స్టాల్ అయిందో రాసి ఉంటుంది. ప్లే స్టోర్ అని ఉందా, లేక క్రోమ్ అనో వాట్సాప్ అనో ఉందా చూడండి. ఎవరో పంపిన లింకు ద్వారా ఫైలు దించుకున్నదైతే వ్యవహారం వేరు. దాన్ని వెంటనే తీసేసి, ఫోన్‌ను ప్లే స్టోర్‌లోనే ఉండే ప్లే ప్రొటెక్ట్‌తో స్కాన్ చేయించి, బ్యాంకు యాప్‌ల పిన్నులు మార్చుకోండి. ఇక్కడినుంచి చెప్పేదంతా ప్లే స్టోర్ నుంచి వచ్చిన గేమ్ గురించి.

మీ ఫోన్ ఆండ్రాయిడ్ 12 లేదా ఆ తర్వాతది అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ ఉంటుంది. కంపెనీని బట్టి మెనూ పేర్లు మారతాయి కాబట్టి సెట్టింగ్స్ పైనున్న వెతికే పెట్టెలో ప్రైవసీ అని కొట్టడం తేలిక. గడిచిన 24 గంటల్లో ఏ యాప్ ఎన్ని గంటలకు లొకేషన్ చూసింది, ఎప్పుడు మైకు తెరిచింది, కాంటాక్ట్స్ ఎప్పుడు చదివింది అన్నీ వరసగా కనిపిస్తాయి. కొత్త ఫోన్లలో 7 రోజుల లెక్క కూడా చూడొచ్చు. మీ గేమ్ పేరు కాంటాక్ట్స్ కింద, ఫోటోల కింద ఉందా లేదా అన్నది చూసి స్క్రీన్‌షాట్ తీయండి. పర్మిషన్ ఉండటం వేరు, దాన్ని వాడుకోవడం వేరు. ఈ డ్యాష్‌బోర్డ్ ఆ తేడా చూపిస్తుంది. చదివిన దాన్ని బయటికి పంపిందా లేదా అన్నది మాత్రం ఇది చెప్పదు. సెలవుల మొదట్లో జరిగిన సంగతి కూడా ఇందులో దొరకదు.

ఇప్పుడు గేమ్‌ను ఒక్కసారి తెరవండి. దాని సెట్టింగ్స్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ప్లేయర్ ఐడీ అనో, యూజర్ ఐడీ అనో, సపోర్ట్ ఐడీ అనో ఒక పొడుగాటి నంబరు ఉంటుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్ తెరవండి. అడుగున, యాడ్ కంపెనీలు మీ ఫోన్‌ను గుర్తుపట్టే నంబరు, అంటే అడ్వర్టయిజింగ్ ఐడీ కనిపిస్తుంది: అంకెలు, అక్షరాలు కలిసి 32, మధ్యలో నాలుగు గీతలు. దాన్ని కూడా స్క్రీన్‌షాట్ తీయండి. పేరు, ఫోన్ నంబరు ఏమీ ఇవ్వకుండా ఆడే గేమ్‌కి మీరెవరో తెలియదు. దాని దగ్గర మీ పేరు ఈ నంబర్లే. మా సమాచారం తొలగించండి అని రేపు మీరు రాసినప్పుడు ఈ రెండు నంబర్లూ లేకపోతే, మీరు ఎవరో మాకు దొరకలేదు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అడ్వర్టయిజింగ్ ఐడీని మనం ఎలాగూ చెరిపేయబోతున్నాం. చెరిపేశాక పాత నంబరు మళ్లీ చూడలేం. అందుకే ముందు రాసుకోవడం, తర్వాత చెరపడం. ఈ వరస తప్పకూడదు.

ఇక మీ మొదటి బాధ: ‘నేను దేనికీ ఒప్పుకోలేదు’. మీ మాట నిజం. ఆండ్రాయిడ్ 6 వచ్చినప్పటినుంచి, అంటే 2015 నుంచి, కాంటాక్ట్స్, మైకు, లొకేషన్ లాంటివి తెర మీద పెట్టె చూపించి అడక్కుండా ఏ యాప్‌కీ అందవు. కాబట్టి ఎవరో అలౌ నొక్కారు, ఆ నొక్కింది పాప. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ పెట్టె అంటే రంగుల పుస్తకానికి అడ్డమొచ్చిన తలుపు, అంతే. గేమ్‌లు చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. సరిగ్గా బొమ్మ తెరుచుకునే క్షణంలోనే ఆ పెట్టె వస్తుంది. కొన్ని గేమ్‌లైతే ముందు తమ సొంత తెర ఒకటి పెట్టి, ‘తర్వాతి దశకు వెళ్లాలంటే అలౌ నొక్కు’ అని చెప్పి మరీ నొక్కిస్తాయి. పిల్ల చేత అలా నొక్కించుకున్నదాన్ని ఒప్పుకోలు అనడం అన్యాయం. మీరు పాపను గానీ మిమ్మల్ని గానీ తప్పు పట్టుకోనక్కర్లేదు. పాపకు ఒక్క విషయం నేర్పండి: ఆండ్రాయిడ్ 11, ఆ పైన ఒకే పర్మిషన్‌కు రెండుసార్లు డోంట్ అలౌ నొక్కితే ఆ యాప్ మూడోసారి ఆ పెట్టె చూపించలేదు.

అయితే అసలు సంగతి ఆ పెట్టెల్లో లేదు. అన్నిటికీ డోంట్ అలౌ నొక్కినా సరే, గేమ్ మీ గురించి కొంత పంపుతూనే ఉంటుంది. ఇంటర్నెట్ వాడుకునే పర్మిషన్‌కు ఆండ్రాయిడ్‌లో పెట్టె రాదు, ఇన్‌స్టాల్ అవ్వగానే దానంతట అదే వచ్చేస్తుంది. అడ్వర్టయిజింగ్ ఐడీ చదివే పర్మిషన్ కూడా అంతే. పాప గేమ్ తెరిచిన క్షణంలో బయటికి వెళ్లే సందేశాన్ని విప్పి చూస్తే ఇలాంటివి ఉంటాయి: అడ్వర్టయిజింగ్ ఐడీ, ఫోన్ ఏ కంపెనీది, ఏ మోడల్, ఆండ్రాయిడ్ ఎన్నోది, ఫోన్ భాష తెలుగు, సమయం ఉదయం 8:14, బ్యాటరీ 63 శాతం, జియో నెట్‌వర్క్, ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్ గుర్తింపు నంబరు), గేమ్‌లో మూడో బొమ్మ తెరిచింది, యాడ్ 30 సెకన్లు చూసింది. పేరు ఎక్కడా లేదు. కానీ అదే అడ్వర్టయిజింగ్ ఐడీ మీ షాపింగ్ యాప్ నుంచి, వార్తల యాప్ నుంచి, ఇంకో గేమ్ నుంచి కూడా అదే యాడ్ కంపెనీకి చేరుతుంది. అన్నీ ఒకచోట కుట్టేస్తే మీ ఇంటి దినచర్య తయారవుతుంది.

ఇంకొకటి తెలుసుకోవాలి. రంగుల గేమ్ రాసినవాళ్లు అందులోని ప్రతి ముక్కా తామే రాయరు. యాడ్ చూపించే ముక్క ఒక కంపెనీది, ఎవరు ఎంతసేపు ఆడారో లెక్కగట్టే ముక్క మరో కంపెనీది. వీటిని ఎస్‌డీకేలు అంటారు. ఉచిత గేమ్ ఒకదాంట్లో ఇవి ఐదు నుంచి పది పైగా ఉండటం మామూలే. మీరు కాంటాక్ట్స్ పర్మిషన్ గేమ్‌కి ఇచ్చామనుకుంటారు. ఆండ్రాయిడ్ మాత్రం గేమ్‌కీ దాని కడుపులో ఉన్న ఎస్‌డీకేలకూ తేడా చూడదు. గేమ్‌కి దక్కిన పర్మిషన్ ఆ పదిమందికీ దక్కినట్టే. అమెరికాలో ఎక్స్-మోడ్ అనే కంపెనీ ఇలాగే తన ఎస్‌డీకేను రకరకాల యాప్‌లలో పెట్టించి, అందుకు యాప్‌ల వాళ్లకు డబ్బులిచ్చి, మనుషుల లొకేషన్లు పోగేసి అమ్ముకుంది. ప్రార్థన వేళలు చెప్పే యాప్ వాడినవాళ్ల లొకేషన్లు కూడా అందులో ఉన్నాయని 2020లో బయటపడింది. సున్నితమైన లొకేషన్ సమాచారం అమ్మకూడదని అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జనవరిలో దాన్ని కట్టడి చేసింది.

అడిగినట్టు నటించడం కూడా పాత అలవాటే. 2013లో అదే కమిషన్ బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్ అనే టార్చి యాప్ మీద కేసు తేల్చింది. ఆ యాప్ మొదట షరతుల తెర చూపించి ఒప్పుకుంటావా, వద్దంటావా అని అడిగేది. మీరు ఏ బటనూ నొక్కకముందే లొకేషన్, ఫోన్ గుర్తింపు నంబరు యాడ్ కంపెనీలకు వెళ్లిపోయేవి. టార్చి వెలిగించడానికి మనిషి ఎక్కడున్నాడో ఎందుకు? రంగులు వేయడానికి మీ డ్వాక్రా సభ్యుల నంబర్లెందుకు? ఏ యాప్ దగ్గరైనా వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

కుక్కర్ సంగతికి వద్దాం. మైకు పర్మిషన్ ఉన్న గేమ్, తెర మీద తెరిచి ఉన్నప్పుడు వినగలదు. ఇది ఊహ కాదు. అల్ఫోన్సో అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న గేమ్‌లు మైకు ద్వారా టీవీలో ఏ యాడ్ వస్తోందో పసిగడుతున్నాయని 2017 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ రాసింది. అలాంటివి 250కి పైగా ప్లే స్టోర్‌లో ఉన్నాయని కూడా రాసింది. కాబట్టి ఏ గేమ్‌కీ మైకు ఉంచకండి. కానీ ఆండ్రాయిడ్ 9 తర్వాత, పైన నోటిఫికేషన్ చూపిస్తూ నడిచేవాటికి తప్ప, తెర వెనకున్న యాప్‌కి మైకు అందదు. ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు తెరిస్తే తెర పై మూల ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. 2018లో నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 17,260 యాప్‌లను పరీక్షించారు. దొంగచాటుగా మాటలు పంపుతున్న యాప్ వాళ్లకు ఒక్కటీ దొరకలేదు. అడక్కుండా తెరను వీడియో తీసి బయటి కంపెనీకి పంపుతున్న యాప్ మాత్రం దొరికింది.

కుక్కర్ యాడ్ ఎక్కువగా వచ్చే దారి వేరు. ఇంట్లో అందరూ ఒకే వైఫై, లేదా మీ హాట్‌స్పాట్ వాడతారు. మీ తమ్ముడో ఆయనో ఆ మధ్యాహ్నం షాపింగ్ యాప్‌లో ఐదు లీటర్ల కుక్కర్ ధర చూసి ఉంటారు. ఒకే ఐపీ అడ్రస్ మీద ఉన్న ఫోన్లన్నీ ఒకే ఇంటివని యాడ్ కంపెనీ లెక్క వేసుకుంటుంది. మాటలు వినాల్సిన పనే లేదు. నా ఉద్దేశంలో ఇది వినడం కంటే ఎక్కువ కలవరపెట్టే సంగతి, ఎందుకంటే మైకు ఆపేసినా ఇది ఆగదు.

దీన్ని తగ్గించే పనులు రెండు. మొదటిది, ఇందాక స్క్రీన్‌షాట్ తీసిన యాడ్స్ పేజీలోనే డిలీట్ అడ్వర్టయిజింగ్ ఐడీ నొక్కడం. ఆ తర్వాత ఏ యాప్ ఆ నంబరు అడిగినా అన్నీ సున్నాలే వస్తాయి. యాడ్స్ రావడం ఆగదు, కానీ ఒక యాప్ సమాచారాన్ని ఇంకో యాప్ సమాచారంతో కుట్టే దారం తెగుతుంది. ఒకే ఈమెయిల్‌తోనో ఫేస్‌బుక్‌తోనో అన్ని గేమ్‌లలోకీ లాగిన్ అయితే ఆ దారం మళ్లీ ముడిపడుతుంది. అందుకే గేమ్‌లకు లాగిన్ వద్దు, గెస్ట్‌గా ఆడితే చాలు. ఐఫోన్ ఉన్నవాళ్లకు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో ట్రాకింగ్ ఉంటుంది. అక్కడ పై మీట ఆపేస్తే ఏ యాప్‌కీ ఆ నంబరు అందదు.

రెండోది ప్రైవేట్ డీఎన్ఎస్. వెబ్‌సైట్ పేరు చెబితే దాని అడ్రస్ వెతికిపెట్టే సేవను డీఎన్ఎస్ అంటారు. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రతి ఫోన్‌లో ఉంది. సెట్టింగ్స్ వెతికే పెట్టెలో ప్రైవేట్ డీఎన్ఎస్ అని కొట్టి, మూడో వరసలోని హోస్ట్‌నేమ్ దగ్గర డీఎన్ఎస్ డాట్ యాడ్‌గార్డ్ హైఫన్ డీఎన్ఎస్ డాట్ కామ్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి సేవ్ చేయండి. పేరున్న యాడ్, ట్రాకింగ్ సర్వర్ల అడ్రస్‌లు ఫోన్‌కు ఇక దొరకవు. కొన్ని ఇబ్బందులు వస్తాయి, ముందే తెలుసుకోండి. యాడ్ చూస్తే నాణేలు ఇచ్చే గేమ్‌లు మొరాయిస్తాయి. రైల్వే స్టేషన్ లాంటి చోట్ల వైఫై లాగిన్ పేజీ తెరుచుకోదు. అప్పటికి ఆటోమేటిక్‌కి మార్చుకుని, పని అయ్యాక మళ్లీ పెట్టుకోవాలి. గేమ్ కంపెనీ తన సొంత సర్వర్‌కు పంపేదాన్ని ఇది ఆపలేదు. ట్రాకింగ్ ఆపుతామంటూ వచ్చే మన నెట్ మొత్తం తమ సర్వర్ గుండా పంపే ఉచిత వీపీఎన్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. ఫేస్‌బుక్ నడిపిన ఒనావో అనే వీపీఎన్, జనం ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో ఆ కంపెనీకే చేరవేసింది. 2018లో ఆపిల్ స్టోర్ నుంచి, 2019లో పూర్తిగా తప్పుకుంది.

నెట్ ఆపేసి ఆడిస్తే చాలు కదా అని చాలామంది అడుగుతారు. కొంతవరకే చాలు. ఎస్‌డీకేలు జరిగినదంతా ఫోన్‌లోనే కూడబెట్టుకుని, నెట్ రాగానే ఒక్కసారిగా పంపేస్తాయి. నెట్ లేకుండా ఆడించి, ఆపాక నెట్ పెట్టేముందు యాప్ ఇన్ఫోలో స్టోరేజ్ తెరిచి క్లియర్ డేటా కొడితే ఆ మూట పోతుంది. పాప వేసిన రంగులు కూడా పోతాయి, అందుకే రోజూ చేసే పని కాదది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, మీ డ్వాక్రా కాగితాలు. సర్వర్‌కు చేరిన దాన్ని వెనక్కి లాక్కురాలేం. తొలగించమని గట్టిగా అడగగలం, ఇప్పటికే వేరేవాళ్లకు అమ్మేసి ఉంటే దాని జాడ దొరకదు. ఆ నిజాన్ని ఒప్పుకుని, దాంతో జరగగల నష్టానికి అడ్డుకట్ట వేయాలి. డ్యాష్‌బోర్డ్‌లో ఫోటోల కింద ఆ గేమ్ పేరు కనిపించినా, అనుమానంగా ఉన్నా ఇది చేయండి. పాసుబుక్కు నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌తో ఎవరూ డబ్బు తీయలేరు. కానీ ‘మీ ఖాతా చివరి నాలుగు అంకెలు ఇవే కదా’ అని నమ్మించి ఓటీపీ అడగడానికి అవి చాలు. వచ్చే మీటింగులో సభ్యులకు ఈ మాట చెప్పండి. ఆధార్ విషయంలో భయం వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతి వల్ల. ఆధార్ యాప్‌లో గానీ ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో గానీ, ఫోన్‌కు వచ్చే ఓటీపీతో ఎవరి బయోమెట్రిక్స్ వాళ్లు లాక్ చేసుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: లాక్‌లో ఉంటే రేషన్ షాపులోనూ, పింఛను దగ్గరా వేలిముద్ర పడదు. వెళ్లేముందు తాత్కాలికంగా అన్‌లాక్ చేసుకోవాలి. ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ దగ్గర లేని పెద్దవాళ్లకు తెలియక లాక్ చేస్తే రేషన్ ఆగిపోతుంది, వాళ్ల చేత తొందరపడి చేయించకండి.

ఇకముందు సభ్యుల ఆధార్ కావాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. అందులో మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు. ఇప్పుడున్న ఫోటోలను ఫైల్స్ యాప్‌లోని సేఫ్ ఫోల్డర్‌లోకి మార్చి, గ్యాలరీలోవి చెరిపి, ట్రాష్‌లోంచి కూడా చెరపండి. ట్రాష్‌లో ఉన్నవి నెల, రెండు నెలల దాకా అక్కడే కూర్చుంటాయి.

కాంటాక్ట్స్ గురించి ఇంత పట్టుబట్టడానికి మన దగ్గరే కారణం ఉంది. 2020 చివర్లో లోన్ యాప్‌ల వాళ్లు అప్పు తీసుకున్నవాళ్ల కాంటాక్ట్స్ మొత్తం లాక్కుని, చుట్టాలకూ ఆఫీసువాళ్లకూ ఫోన్లు చేసి పరువు తీస్తే కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరసగా అరెస్టులు చేశారు. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో, అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ రికార్డులు, ఫైళ్లు ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలిచ్చింది. 2023 మే 31 నుంచి లోన్ యాప్‌లకు ఫోటోలు, కాంటాక్ట్స్ పర్మిషన్లను గూగుల్ కూడా నిషేధించింది. అప్పు యాప్‌కే పనికిరాని కాంటాక్ట్స్ రంగుల గేమ్‌కి అసలే అక్కర్లేదు.

ఇప్పుడు ఉత్తరం రాయండి. ప్లే స్టోర్‌లో గేమ్ పేజీ తెరిచి యాప్ సపోర్ట్ నొక్కితే కంపెనీ ఈమెయిల్, అడ్రస్ కనిపిస్తాయి. వాటినీ స్క్రీన్‌షాట్ తీయండి. గేమ్ పేజీని షేర్ చేస్తే వచ్చే లింకులో ఐడీ అన్న మాట తర్వాత ఉండేది దాని అసలు పేరు, అది కూడా రాయండి. ఒకే పేరుతో పది గేమ్‌లుంటాయి గానీ ఆ ఐడీ ఒక్కదానికే ఉంటుంది. విషయం ఇలా ఉంటే చాలు:

‘మీ గేమ్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నా ఫోన్‌లో ఉంది. ఆడింది తొమ్మిదేళ్ల పాప. తల్లిగా నేను ఏ సమాచారానికీ అనుమతి ఇవ్వలేదు. ఈ గేమ్ ద్వారా మీకూ, ఇందులో మీరు పెట్టిన యాడ్, అనలిటిక్స్ కంపెనీలకూ ఏమేమి చేరాయో చెప్పండి. కాంటాక్ట్స్, ఫోటోలు, లొకేషన్, ఆట రికార్డులు అన్నీ తొలగించి, తొలగించినట్టు జవాబు రాయండి. ఆ యాడ్, అనలిటిక్స్ కంపెనీల చేత కూడా తొలగింపజేయండి. ప్లేయర్ ఐడీ ఇది, అడ్వర్టయిజింగ్ ఐడీ ఇది.’

దీని ఇంగ్లిష్ అనువాదం కూడా కింద పెట్టండి, కంపెనీ ఎక్కడిదైనా చదువుకుంటుంది. పాప పేరు రాయకండి. మీరెవరో రుజువు కావాలి, ఆధార్ పంపండి అంటే పంపకండి. గేమ్ ఆధార్ అడగలేదు, తొలగించడానికీ అది అక్కర్లేదు. గేమ్‌లో అకౌంట్ తెరిచి ఉంటే అక్కడే డిలీట్ అకౌంట్ కూడా నొక్కండి. అకౌంట్ తెరిపించే ప్రతి యాప్‌లో ఆ దారి ఉండాలన్నది ప్లే స్టోర్ నియమం. ఇవన్నీ అయ్యాక అడ్వర్టయిజింగ్ ఐడీ చెరిపి, గేమ్‌ను ఫోర్స్ స్టాప్ చేసి, క్లియర్ డేటా కొట్టి, అన్‌ఇన్‌స్టాల్ చేయండి. గూగుల్ అకౌంట్‌లో థర్డ్ పార్టీ కనెక్షన్స్ పేజీలో ఆ గేమ్ పేరుంటే అక్కడా తీసేయండి.

ఫిర్యాదు సంగతి. ప్లే స్టోర్ పేజీలో పైన మూడు చుక్కలు నొక్కి ఫ్లాగ్ చేయడం ఇప్పుడే చేయొచ్చు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి మాత్రం దీనికోసం ఫోన్ చేయకండి, అది డబ్బు పోయినప్పుడు. ఎవరైనా మీ ఫోటోలతో, నంబర్లతో బెదిరిస్తే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కేసు పెట్టండి.

చట్టం మీ పక్కనే ఉంది, కాకపోతే పూర్తిగా అమల్లోకి రావాల్సి ఉంది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు ఆ రూల్స్ ఇచ్చిన గడువు 18 నెలలు, అంటే 2027 మే. ఆ చట్టంలో ఆరో సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ మీకోసమే రాసినట్టుంటుంది. ఫోన్‌లో వైద్యం చేసే యాప్ ఒకటి వైద్యానికీ కాంటాక్ట్స్‌కీ కలిపి అనుమతి అడిగింది, మనిషి రెండింటికీ సరే అంది. అయినా ఆ ఒప్పుకోలు వైద్యానికే చెల్లుతుంది, కాంటాక్ట్స్‌కు చెల్లదు, ఎందుకంటే వైద్యానికి అవి అవసరం లేదు. అనుమతి అడిగే కాగితం తెలుగులో చూపించమని అడిగే హక్కు కూడా ఆ సెక్షన్ ఇస్తుంది. తొమ్మిదో సెక్షన్ ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతిని రుజువుతో తీసుకోవాలి. పిల్లల మీద కన్నేసి ఉంచడం, వాళ్లను గురిపెట్టి యాడ్స్ వేయడం నిషేధం. తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. మీరు ఇవాళ రాసే ఉత్తరం, తీసుకున్న స్క్రీన్‌షాట్లు ఒక ఫోల్డర్‌లో దాచి ఉంచండి. ఆ సమాచారం వాళ్ల దగ్గర అప్పటికీ ఉంటే ఆ కాగితాలు పనికొస్తాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే 13 ఏళ్ల లోపు పిల్లల కోసం 1998 నాటి కొప్పా చట్టం ఉంది. ఫోర్ట్‌నైట్ గేమ్ చేసిన ఎపిక్ గేమ్స్ దాని కిందే 2022లో 27.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అక్కడ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వెబ్‌సైట్‌లో నేరుగా ఫిర్యాదు చేయొచ్చు.

ఇక పాప ఏడుపు. ఫోన్ మీది, పనులు మీవి, మధ్యలో ఆడేది పాప. అన్నిటికంటే పనికొచ్చే ఏర్పాటు ఇద్దరినీ విడదీయడం. షావోమీ ఫోన్లలో సెకండ్ స్పేస్, మరికొన్నిటిలో మల్టిపుల్ యూజర్స్ అని ఉంటుంది. అందులో పాపకు వేరే చోటు తెరిస్తే మీ కాంటాక్ట్స్, మీ ఫోటోలు అక్కడ ఉండనే ఉండవు, పాప ఎన్ని అలౌలు నొక్కినా ఖాళీ డబ్బానే దొరుకుతుంది. తెరిచేటప్పుడు పాత చోటు నుంచి కాంటాక్ట్స్ తెచ్చుకోమంటావా అని అడిగితే వద్దనండి. శామ్‌సంగ్ ఫోన్ అయితే తిరగేసి చేయండి, మీ కాగితాలను సెక్యూర్ ఫోల్డర్‌లో పెట్టండి.

కొత్త గేమ్ ఎంచుకునేటప్పుడు ప్లే స్టోర్‌లోని డేటా సేఫ్టీ పట్టికను పూర్తిగా నమ్మకండి. అది గేమ్ చేసినవాళ్లు తమ గురించి తాము రాసుకున్నది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మోజిల్లా వాళ్లు 2023లో 40 పేరున్న యాప్‌లను సరిచూస్తే దాదాపు 80 శాతం వాటిలో ఆ పట్టికకూ, యాప్ ప్రైవసీ పాలసీకీ పొంతన కుదరలేదు. దానికంటే ఎక్సోడస్ ప్రైవసీ అనే ఫ్రెంచి సంస్థ వెబ్‌సైట్‌లో గేమ్ పేరు వెతకండి, అందులో ఎన్ని ట్రాకర్లు దాగి ఉన్నాయో పేర్లతో చెబుతుంది. గేమ్ పేజీలోనే అబౌట్ దిస్ యాప్ అడుగున పర్మిషన్ల జాబితా కూడా ఉంటుంది. ఇన్‌స్టాల్ చేయకముందే చూసుకోవచ్చు.

పాపకు బొమ్మలు గీయడం, రంగులు వేయడమే ఇష్టమైతే టక్స్ పెయింట్ పెట్టండి. పిల్లల కోసం చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, యాడ్స్ లేవు, నెట్ లేకున్నా పనిచేస్తుంది. జీకాంప్రీ కూడా అలాంటిదే, రెండు నుంచి పదేళ్ల పిల్లల కోసం లెక్కలు, అక్షరాలు, పజిల్స్ కలిపి చేశారు. టక్స్ పెయింట్‌లో రబ్బరు ముద్రలు కొట్టినట్టు జంతువుల బొమ్మలు అచ్చేసుకోవచ్చు, వేసిన ప్రతి రంగుకూ కుంచె గీసిన చప్పుడు వస్తుంది. మొదటి రోజు పక్కన కూర్చుని ఒక ఏనుగు బొమ్మ అచ్చేసి చూపించండి.